అయిదున్నరకు బిగించిన బ్యాటరీ

సైదావలి సెల్ఫ్ మోటారును ఒళ్ళో పెట్టుకుని, అరిగిపోయిన కార్బన్ బ్రష్‌లను పట్టకారుతో ఒక్కొక్కటే బయటికి లాగుతున్నాడు. కాకుమాను నుంచి వచ్చిన ట్రాక్టరును స్టార్ట్ చేసే మోటారది. దాని నిండా పొలం మట్టి. ఆ మట్టిని పాత టూత్‌బ్రష్‌తో దులిపి, నోటితో ఊది, ఊదినందుకు వచ్చిన ఆయాసం తగ్గేదాకా ఊరికే కూర్చున్నాడు. ఈ మధ్య పనికి ఎంతసేపు పడుతోందో, ఊరికే కూర్చోవడానికీ దాదాపు అంతసేపు పడుతోంది.

అతని షెడ్డు తెనాలిలో కాలువ పక్క రోడ్డు మీద ఉంది. పదడుగుల వెడల్పు, ముందు రేకుల పందిరి, లోపల మూడు గోడలకూ మేకులు, మేకులకు వైర్ల చుట్టలు. బల్ల మీద ఏది ఎక్కడుందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. అతనికి అరవై నాలుగేళ్ళు. సన్నటి మనిషి. చొక్కా మీద యాసిడ్ చుక్కలు పడి ఎన్ని చిల్లులయ్యాయో, అతని భార్య గౌస్ బీ అన్ని కుట్లు వేసింది. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో డైనమో మీద పడి నలిగి, మళ్ళీ సరిగా పెరగలేదు. వేళ్ళ గీతల్లో నలుపు దిగి ఉంటుంది. శుక్రవారం నమాజుకు ముందు సబ్బు అరిగేలా రుద్దినా అది పోదు.

రేపల్లె స్టేషన్ దగ్గర జట్కా తోలిన తండ్రికి అతను మూడో కొడుకు. గుర్రం చచ్చిపోయాక తండ్రి జట్కా అమ్మేసి, పదకొండేళ్ళ సైదావలిని తెనాలిలో ఒక ఉస్తాదు దగ్గర వదిలి వెళ్ళాడు. ఆ తరువాత అతని జీవితంలో చెప్పుకోదగ్గవి అయిదారు ఉంటాయి. పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఉస్తాదు పోయాక షెడ్డు తన పేరు మీదికి రావటం. కొడుకు వాజిద్ గుంటూరులో ఏసీలు బాగుచేస్తాడు. కూతురు సానియాను రేపల్లెలో ఇచ్చారు. సైదావలి హైదరాబాదు రెండుసార్లు చూశాడు, రెండుసార్లూ పెళ్ళిళ్ళకే వెళ్ళి, రెండుసార్లూ బిర్యానీ తిని తిరిగి వచ్చాడు.

నలుగురిలో అతన్ని వేరుగా నిలబెట్టిన గుణం ఒకే ఒక్కటి ఉంది. బండికి వచ్చిన రోగాన్ని యజమాని ముఖం మీదే చెప్పేవాడు. సగం చెప్పి సగం మింగేవాడు కాదు. రైసుమిల్లు ఆయన జీపు బ్యాటరీ వారానికోసారి పడిపోతుంటే, "బ్యాటరీది తప్పు లేదండి, మీ డ్రైవరు మధ్యాహ్నాలు జీపులో పడుకుని పాటలు వింటున్నాడు" అన్నాడు, డ్రైవరు పక్కనుండగానే. డాక్టరు గారి కారు చూసి, "మీటరు వైరు ఊడలేదండి, ఎవరో ఊడదీశారు. ఎంత తిరిగిందో మీకు తెలియకుండా మీ అబ్బాయి ఎక్కడికో వెళ్ళొస్తున్నాడు" అన్నాడు. ఆ కారు మళ్ళీ అతని షెడ్డు ముందు ఆగలేదు. రెండు వీధుల అవతల ఆగింది. ఇలా పోయిన బేరాలను గౌస్ బీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలదు, వేళ్ళు చాలవు గానీ. రోగం సగం చెప్పేవాడు దళారీ అవుతాడు గానీ మెకానిక్ కాడని ఉస్తాదు చెప్పాడు. సైదావలి దాన్ని పట్టుకుని వదల్లేదు. అతనికి ఉన్న గర్వం కూడా అదొక్కటే.

బేరాలు తగ్గటానికి అదొక్కటే కారణం కాదు. కొత్త కార్లు తొందరగా పాడవటం లేదు. ఇక ఎలక్ట్రిక్ ఆటోలు వచ్చాక, అవి షెడ్డు ముందు నుంచి చప్పుడు లేకుండా వెళుతుంటే సైదావలి తలెత్తి చూసేవాడు. వాటిలో సెల్ఫ్ మోటారు లేదు, డైనమో లేదు, తను పట్టుకుని ఇది నాది అనుకునే వస్తువు ఒక్కటీ లేదు. యాభై ఏళ్ళుగా నేర్చుకున్నది ఒక్కసారిగా ఎవరికీ అక్కరలేకుండా పోతే మనిషికి కష్టంగానే ఉంటుంది. అతను పైకి అనలేదు.

పదవుతుండగా ఒక అమ్మాయి చెమటలు కక్కుకుంటూ వచ్చి పందిరి కింద నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. చీర కొంగు నడుముకు బిగించి ఉంది. చేతిలో కారు తాళం.

"బాబాయ్, మీరు కార్లు చూస్తారాండి?"

"చూస్తానమ్మా. ఏ కారు?"

"ఎలక్ట్రిక్‌దండి. కంటాసుపత్రి సందులో ఆగిపోయింది. బటన్ నొక్కితే టకటకటకా అంటది, అంతే. లేవదు."

పక్క కొట్లో బ్యాటరీలు అమ్మే శాలేమురాజు ఇది విని గుమ్మంలోకి వచ్చాడు. "దాని జోలికి పోబాక సైదన్నా. పెట్రోలు బండి కాదది. షాక్ కొట్టిందంటే ఏరుకోటానిక్కూడా ఏం మిగలదు."

సైదావలి మోటారును ఒళ్ళోంచి దించి బల్ల మీద పెట్టాడు. "టకటకమని ఎన్నిసార్లమ్మా? ఒక్కసారా, చాలాసార్లా?"

"చాలాసార్లండి. మిక్సీలో చెంచా పడ్డట్టు."

అతను మీటరు, ఒక స్పానర్, గుడ్డముక్క సంచిలో వేసుకుని బయలుదేరాడు. దారిలో ఆమె తన సంగతంతా చెప్పింది. పేరు నాగదుర్గ, ఊరు చీరాల పక్కన సముద్రపు ఒడ్డున రామాపురం. భర్త చిన్నా నిజాంపట్నంలో పెద్ద బోటు మీద పని చేస్తాడు, నెలకు రెండుసార్లు వస్తాడు. కారు ఆమే నడుపుతుంది. ఇవాళ మామగారి కన్ను చూపించటానికి తీసుకొచ్చింది. బాపట్లలో ఒక స్కూలువాళ్ళు టీచర్లను రోజూ తీసుకొచ్చి దింపటానికి కారు కావాలన్నారు. మూడు గంటలకు బండితో వచ్చి నడిపి చూపించమన్నారు. రాకపోతే ఇంకొకతని వ్యాను పెట్టుకుంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే పెద్ద బ్యాటరీ పోయి ఉంటుంది, రేపు లారీ పంపిస్తాం అన్నారు.

"పెద్ద బ్యాటరీ పోతే ఇంకేముంది బాబాయ్, బండి పోయినట్టే. కానీ చార్జింగ్ డెబ్బై ఒక్క శాతం చూపిస్తోంది. డెబ్బై ఒకటుంటే ఎందుకు లేవదు?" అంది. మూడు గంటలలోపు బండి లేస్తే ఆమెకు రోజూ పని ఉంటుంది, లేకపోతే లేదు. ఇందులో సైదావలికి అర్థం కానిదేమీ లేదు.

తెల్ల కారు వేపచెట్టు నీడలో ఉంది. ముందు పూసిన పసుపు వానకు కారి ఎండిపోయింది. వెనక సీట్లో ఒక ముసలాయన, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చున్నాడు. మెడ, ముంజేతులు ఎండకు కమిలి నల్లబడ్డాయి.

"మా మావయ్యండి, మస్తాన్‌రావు గారు. కంట్లో మందేశారు, ఏమీ కనపడదు. మావయ్యా, మెకానిక్ సాయిబు గారొచ్చారు."

"నొక్కమ్మా," అన్నాడు సైదావలి.

ఆమె బ్రేకు తొక్కి బటన్ నొక్కింది. తెర వెలిగి, వణికి, ఆరి, మళ్ళీ వెలిగింది. ముందు భాగంలో ఎక్కడో టకటకటకటకమని చప్పుడు. సైదావలి బోనెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఇంకోసారి నొక్కమన్నాడు. మూడోసారి నొక్కించాక కళ్ళు తెరిచాడు. ఈ చప్పుడు అతనికి తెలుసు. అంబాసిడర్‌లో విన్నాడు, జీపులో విన్నాడు, నిన్న ట్రాక్టరులో విన్నాడు. ఒక్కసారే టక్ అని ఆగిపోతే లోపల ఏదో కాలిపోయినట్టు. ఇలా ఆగకుండా కొట్టుకుంటుంటే, పని చెయ్యాలని ఉండి బలం చాలనట్టు. కొత్త బండిలో పాత చప్పుడు విన్నందుకు అతనికి సంతోషం కలిగింది. చాలాకాలం తరువాత కలిగిన సంతోషం కాబట్టి దాన్ని కాసేపు తనలోనే ఉంచుకున్నాడు.

బోనెట్ ఎత్తాడు. నారింజ రంగు తొడుగు వేసిన లావుపాటి తీగలు కనిపించాయి. వాటిని ముట్టుకుంటే ప్రాణం పోతుందని ఎక్కడో విన్నాడు. ఎడమ చేతిని వెనక్కి పెట్టుకుని, కుడి చేత్తోనే పని చేశాడు. ఒక మూల చిన్న పెట్రోలు కార్లలో ఉండేలాంటి మామూలు బ్యాటరీ ఉంది.

"అదిగోనమ్మా. డెబ్బై ఒకటి అంటే కింద ఉన్న పెద్దదాని లెక్క. బండి ఆపగానే దానికి లోపల తాళం పడుతుంది. ఆ తాళం తీసేది ఈ చిన్నది. దీనికి బలం లేదు. తీయబోతుంది, వదిలేస్తుంది, మళ్ళీ తీయబోతుంది. ఆ టకటక అదే."

"అంటే పెద్దది బానే ఉందా?"

"దానికేం, రాయిలా ఉంది."

నాగదుర్గ కారు డోరు పట్టుకుని అలాగే నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. సైదావలి మీటరు తీగలు ఆనించి మళ్ళీ నొక్కమన్నాడు. ముల్లు పదకొండు దాటి ఉన్నది ఎనిమిదికి జారింది. తను చెప్పింది నిజమే. ఇక బ్యాటరీ విప్పాలి. స్పానర్ పెట్టబోయి ఆగాడు. నట్ల మూలలు అరిగి మెరుస్తున్నాయి. ఏడాదికోసారి విప్పే నట్లు అలా ఉండవు. బ్యాటరీని కదలకుండా పట్టే పట్టీకి ఒక బోల్టు లేదు. కింద తట్టలో సన్నటి ఇసుక. ప్లాస్టిక్ మీద ఒక చేప పొలుసు ఎండి అతుక్కుని ఉంది. అతను దాన్ని గోటితో గీరి, వేలి మీద పెట్టుకుని చూసి, విదిల్చాడు.

"అమ్మాయ్, లోపల గడియారం ఎంత చూపిస్తోంది?"

"అది ఎప్పుడూ తప్పే బాబాయ్. రోజూ సరిచేసి సరిచేసి విసుగొచ్చి వదిలేశా. నాలుగూ ముప్పై అయిదు చూపిస్తోంది."

సైదావలి తన చేతి వాచీ చూశాడు. పదీ అయిదు. బ్యాటరీ తీసి పెడితే ఆ గడియారం సున్నా నుంచి మొదలుపెడుతుంది. పదీ అయిదులోంచి నాలుగూ ముప్పై అయిదు తీసేస్తే అయిదున్నర. ఈ ఉదయం అయిదున్నరకు ఎవరో ఈ బ్యాటరీని మళ్ళీ బిగించారు. రామాపురంలో అయిదున్నరకు పడవలు ఒడ్డుకు వస్తాయి. అతను తల తిప్పి వెనక సీటు వైపు చూశాడు. ముసలాయన కదలకుండా కూర్చుని ఉన్నాడు గానీ, మోకాళ్ళ మీద వేళ్ళు ముడుచుకున్నాయి.

"శాలేమురాజు దగ్గరికి వెళ్ళమ్మా. నేను చెప్పానని చెప్పి ముప్పై అయిదు నంబరు బ్యాటరీ తెమ్మను. స్కూలుకు కూడా ఫోన్ చెయ్యి, వస్తున్నానని."

ఆమె దాదాపు పరిగెత్తింది. సైదావలి వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పెద్దాయనా, స్పానర్ మీ దగ్గరే ఉందా?"

మస్తాన్‌రావు పంచె మొలలోంచి, గుడ్డలో చుట్టిన పది నంబరు స్పానర్ తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. కంటాసుపత్రికి కూడా దాన్ని మొలలో దోపుకునే వచ్చాడు.

"ఇంట్లో వదిలితే కోడలు చూస్తదని తెచ్చాను సాయిబు గారూ," అన్నాడు. "కంటికి ఆపరేషనయ్యేదాకా వేటకి పోవద్దని మా చిన్నాగాడు పడవలో బ్యాటరీ తీసి దాచేశాడండి. దీపం లేకపోతే నాకు వల కనపడదు. అందుకని దీన్ని తీసుకుపోయి, పొద్దున్నే మళ్ళీ పెట్టేస్తన్నా."

"రోజూనా?"

"సముద్రం బాగున్న రోజల్లా."

"ఆపరేషన్ చేయించుకుంటే పోయేదానికి ఇదంతా ఎందుకు?"

"భయమండి. కన్ను కోసినాక ఉన్నది కూడా కనపడకపోతే? రెండుసార్లు రమ్మన్నారు. రెండుసార్లూ జొరమని చెప్పి పోలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ పిల్లకి చెప్పకండి సాయిబు గారూ. తెలిస్తే పడవ అమ్మేత్తారు. వేట లేకపోతే నేనేం చేస్తాను, గుమ్మంలో కూర్చుని చూరు లెక్కపెట్టుకోనా?"

ఇంట్లో కూర్చోవచ్చు కదా అని గౌస్ బీ రోజూ ఉదయం టిఫిన్ క్యారియర్ అందిస్తూ అంటుంది. డాక్టరు కూడా అదే అన్నాడు, గుండె బలం తగ్గింది, ఊపిరి పట్టేలా పని చెయ్యొద్దు అని. సైదావలి ఇద్దరికీ సరే అని చెప్పి షెడ్డుకు వచ్చేస్తుంటాడు. ఇప్పుడు ఈ ముసలాయన మీద అతనికి కోపం రాలేదు. కోపం రావాలని తెలుసు. మసక కన్నుతో చీకట్లో సముద్రం మీదికి వెళ్ళే మనిషిని ఇంట్లోవాళ్ళకు పట్టివ్వటమే న్యాయం.

"నేను అబద్ధం చెప్పను," అన్నాడు చివరకు. "కానీ మీరొక మాటిస్తే సగమే చెబుతా. ఈ పాత బ్యాటరీ కారును లేపలేదు గానీ మీ దీపానికి సరిపోతుంది. ఇది నా దగ్గరుంటుంది. కన్ను చేయించుకుని, బాగయ్యాక రండి. అప్పుడిస్తాను. అప్పటిదాకా వేట లేదు."

"కన్ను పోతే?"

"పోదు. మా గౌస్ బీ రెండు కళ్ళూ చేయించుకుంది. ఇప్పుడు నా చొక్కా మీద నాకు కనపడని చిల్లులు కూడా చూస్తోంది."

మస్తాన్‌రావు నవ్వలేదు. కొంతసేపు తలుపు అద్దాన్ని తడిమి, తరువాత స్పానర్‌ను అడక్కుండానే అతని చేతిలో పెట్టాడు.

నాగదుర్గ, వెనక బ్యాటరీ మోసుకుంటూ శాలేమురాజు వచ్చారు. బిగించటానికి పది నిమిషాలు పట్టింది. బోల్టు లేనిచోట సైదావలి కొత్తది వేశాడు. నాగదుర్గ బటన్ నొక్కింది. లోపల ఒక్కసారి మెత్తగా టక్‌మని, తెర మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. అంతే. ఇంజను రొద లేదు, పొగ లేదు. లేచిందా లేదా అని సైదావలి ఇంకా వింటూ నిలబడి ఉంటే, కారు అడుగు ముందుకు కదిలి ఆగింది.

"లేచింది బాబాయ్!" నాగదుర్గ దిగి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. తన చేతులకు నలుపు అంటుకున్నా చూసుకోలేదు. "రోగమేంటో చెప్పండి. మళ్ళీ రాకుండా నేనేం చెయ్యాలి?"

నలభై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే. నలభై ఏళ్ళుగా దానికి సైదావలి జవాబు నాలుక చివరే ఉండేది. ఇప్పుడూ ఉంది.

"బ్యాటరీ బలం అయిపోయిందమ్మా. అంతే," అన్నాడు.

శాలేమురాజు పాత బ్యాటరీని తిప్పి దాని మీది అంకెలు చదివాడు. "ఇది రెండేళ్ళది కూడా కాదు గదా సైదన్నా. అప్పుడే ఎట్టా అయిపోద్ది?"

"కొన్ని ముందే అయిపోతాయి."

శాలేమురాజు అతని మొహంలోకి చూశాడు. ఇరవై ఏళ్ళుగా పక్క కొట్లో ఉండి, ఈ మనిషి నోట ఇలాంటి మాట వినలేదు. పాత బ్యాటరీని పక్కన పెట్టాడు. వెనక సీట్లో మస్తాన్‌రావు నల్లద్దాలు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కారు సందు మలుపు తిరిగి బాపట్ల వైపు వెళ్ళిపోయింది.

సైదావలి పాత బ్యాటరీని తనే మోసుకొచ్చి షెడ్డులో చార్జింగుకు పెట్టాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు చేసుకున్నాడు. క్యారియర్లో దోసకాయ పప్పు, ఎండురొయ్యల వేపుడు. సగం తిని మూత పెట్టాడు. సగం చెప్పిన మాట గొంతులో అడ్డంగా ఉన్నట్టే ఉంది. తప్పు చేశానా అనుకున్నాడు. చేశాననే అనిపించింది. మళ్ళీ చెయ్యాల్సి వచ్చినా అదే చేస్తానని కూడా అనిపించింది. ఇక దాన్ని వదిలేసి గౌస్ బీకి ఫోన్ చేశాడు.

"ఇవాళ ఎలక్ట్రిక్ కారు బాగుచేశా."

"షాక్ కొట్టలేదా?"

"లేదు."

"ఆయాసం ఉందా?"

"లేదు."

"అయితే తొందరగా రా. సానియా ఫోన్ చేసింది, ఆదివారం వస్తారంట."

"వస్తా," అన్నాడు.

మూడున్నరకు నాగదుర్గ నుంచి ఫోన్ వచ్చింది. స్కూలువాళ్ళు కారు ఎక్కి ఊళ్ళో ఒక చుట్టు తిరిగి సరేనన్నారట, సోమవారం నుంచి రమ్మన్నారట. ఆమె చెప్పిందంతా విని, "మంచిదమ్మా" అని పెట్టేశాడు. తరువాత ట్రాక్టరు మోటారులో కొత్త బ్రష్‌లు వేసి, మూత బిగించి, బ్యాటరీ తీగలు ఆనించి తిప్పి చూశాడు. ఒక్క అరుపు అరిచి గుండ్రంగా తిరిగింది. దాని చప్పుడు శాలేమురాజు కొట్లో కూడా వినిపించింది.

నాలుగున్నరకు శాలేమురాజు రెండు టీలు చెప్పి, ఒకటి పట్టుకుని వచ్చాడు. సైదావలి ప్లాస్టిక్ కుర్చీలో, గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి ఒళ్ళో, ఇంకో చెయ్యి బల్ల మీద మోటారు పైన. నిద్రపోతున్నాడనుకుని గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అయిదింటికి మళ్ళీ వస్తే టీ మీద తొరక కట్టి ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఖననం అయింది. కాకుమాను ట్రాక్టరు రైతు కోటేశ్వరరావు మోటారు కోసం వచ్చి, చివరిదాకా నడిచాడు. వచ్చినవాళ్ళకు శాలేమురాజు ఒకే మాట చెబుతున్నాడు. "ఇరవయ్యేళ్ళు చూశానండి. ఎవరికీ భయపడి రోగం సగం చెప్పిన మనిషి కాదు." నాలుగోసారి చెబుతూ ఎందుకో మధ్యలో ఆగి, కాలువ వైపు తిరిగి నిలబడ్డాడు.

పదిరోజుల తరువాత సైదావలి ఫోన్ మోగితే వాజిద్ ఎత్తాడు.

"బాబాయ్, నేను రామాపురం నాగదుర్గని. కారు బాగుంది. మా మావయ్య ఆపరేషన్‌కి ఆయనంతటాయనే ఒప్పుకున్నాడండి. ఎన్నాళ్ళు చెప్పినా వినని మనిషి. పదిహేనో తారీకు చేస్తారు. ఆ మాట మీకు చెప్పమని ఒకటే పోరు. ఎందుకో అడిగితే చెప్పడు."

వాజిద్ సంగతి చెప్పాడు. ఎప్పుడు, ఎలా అని ఆమె అడిగి తెలుసుకుంది. "మావయ్యకి ఇప్పుడే చెప్పనులేండి," అంది చివరకు. "ఆపరేషన్ అయ్యాక చెబుతా."

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక వాజిద్ షెడ్డు ఖాళీ చేశాడు. పాత ఇనుము కొనేవాళ్ళు వైర్లూ, డైనమోలూ, బల్లా అన్నీ ఆటోలోకి ఎత్తారు. మూల చార్జరుకు తగిలించి ఉన్న చిన్న బ్యాటరీ దగ్గర వాజిద్ వంగి చూసి, వాళ్ళను ఆగమన్నాడు. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్న తల్లి ఇల్లు కదలకూడదు కాబట్టి ఫోన్ చేశాడు.

"అమ్మీ, ఒక బ్యాటరీ మీద అబ్బా ఏదో రాసి పెట్టారు. ఏం చెయ్యమంటావు?"

అతను చదివి వినిపించాడు. గౌస్ బీకి ఆ మనిషెవరో తెలియదు, అడగనూ లేదు. "ఆయన రాసినట్టే ఉంచు," అంది.

షెడ్డు ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్మేవాళ్ళది. బ్యాటరీ శాలేమురాజు కొట్లో, అమ్మకానికి పెట్టినవాటికి దూరంగా, నేల మీద చెక్క ముక్క పైన ఉంది. పదిహేను రోజులకొకసారి అతను దాన్ని చార్జింగుకు పెడతాడు. సుద్దముక్కతో రాసిన అక్షరాల మీద చెయ్యి తగలకుండా పక్కల నుంచే పట్టుకుని ఎత్తుతాడు: "అమ్మొద్దు. కన్ను బాగయ్యాక మనిషి వస్తాడు."